మంచం కింది గీజరు

"మళ్ళీ అక్కడికేనా?" అన్నాడు హోల్గర్, పత్రికలోంచి తల ఎత్తకుండానే.

తువ్వాలు భుజాన వేసుకున్న సిగ్నె, చక్రాల మీది ఇల్లులాంటి తమ మోటార్‌హోమ్ గుమ్మంలో ఆగింది. "ఇంకెక్కడికి? క్యాంపు వాళ్ళ స్నానాల గదులు ఏప్రిల్ దాకా తెరవరు. మన గీజరేమో పగిలి కూర్చుంది. సముద్రంలో మునిగి రమ్మంటావా?"

"చన్నీళ్ళు ఒంటికి మంచివే."

"అయితే నువ్వు దూకు. నేను ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడతాను," అంటూ దిగిపోయింది.

హోల్గర్ కిటికీ తెర కాస్త పక్కకు జరిపాడు. పక్క స్థలం పద్నాలుగో నంబరు. అక్కడ నిలిపిన మోటార్‌హోమ్ తలుపు సిగ్నె తట్టకముందే తెరుచుకుంది. లోపలినుంచి థోర్వాల్ నవ్వు వినిపించింది. ఓడల్లో ఇంజనీరుగా చేసి మొన్న క్రిస్మస్‌కే పని మానేసిన మనిషి. ఆయన ఓడ దిగి వచ్చిన వారానికే భార్య కిర్‌స్టెన్ కారణమైనా చెప్పకుండా పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఆమె గోళ్ళ రంగుతో వేసిన ఎర్రటి 14 మాత్రం బకెట్ల మీద, కుర్చీల మీద, తాడుకున్న బట్టల క్లిప్పుల మీద అలాగే మిగిలింది. ఈ క్యాంపులో సముద్రపు గాలికి ఎవరి సామాను ఎవరి స్థలంలోకి ఎగిరిపోతుందో తెలియదు కనక అందరూ నంబర్లు వేసుకుంటారు.

ఒంటరి మగవాడు, వేడినీళ్ళు, స్టవ్ మీద కాఫీ. ఇలాంటివి ఎలా మొదలవుతాయో హోల్గర్‌కు బాగా తెలుసు. ముందు ఏదో చిన్న సాయం. తర్వాత ఒక కప్పు కాఫీ. ఆ తర్వాత చెప్పేదేముంది!

అరగంటకు సిగ్నె తడి జుట్టుతో తిరిగొచ్చింది. వెనకాలే పనిముట్ల సంచితో థోర్వాల్.

"కొత్త గీజరు అట్టపెట్టెలోనే పది రోజులుగా పడుంది," అంది సిగ్నె. "ఇవాళ బిగించేస్తానంటున్నాడు."

"నేను బిగించలేనా?"

"గ్యాసు పైపుతో ఆటలొద్దు హోల్గర్," అన్నాడు థోర్వాల్. "నువ్వు బస్సు నడిపావు, నేను బాయిలర్లు చూశాను. ఎవరి పని వాళ్ళది."

అడగకుండానే కుడివైపు మంచం దగ్గరికి వెళ్ళి, పరుపు ఎత్తి, కింది పలక తీశాడు.

"అక్కడుంటుందని నీకెలా తెలుసు?" హోల్గర్ గొంతు పదునెక్కింది.

"నాదీ ఇదే రకం బండి కదయ్యా."

సిగ్నె కాఫీ తెచ్చింది. హోల్గర్ కప్పులో పాలు పోసింది. థోర్వాల్ కప్పులో పోయలేదు.

"వాడికి పాలు వద్దని నీకెవరు చెప్పారు?"

"వారం రోజులుగా చూస్తున్నాను. నాకు కళ్ళు లేవా?"

ఆ మాట హోల్గర్‌కు సూదిలా గుచ్చుకుంది. వారం రోజులుగా చూస్తోందట! ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో తన చొక్కా చిరిగినా చూడని మనిషి.

థోర్వాల్ గ్యాసు కట్టేసి, పైపులు విప్పుతూ అడిగాడు. "అసలు ఇదెలా పగిలింది? చలి ముదిరితే అడుగునున్న వాల్వు దానంతటదే తెరుచుకుని నీళ్ళు వదిలేస్తుంది కదా!"

"అది తెరుచుకుంటుందనే నమ్మి నేను నీళ్ళు తియ్యకుండా నవంబరు ఒకటిన బండికి తాళం వేశాను," అన్నాడు హోల్గర్. "అక్టోబరులో సిగ్నె ఆల్బోర్గ్‌లో కూతురి పురుడు చూస్తూ ఉండిపోయింది. నేను నెలంతా ఇక్కడే ఉన్నాను. ఎముకలు కొరికే చలిలోనూ ఒక్కపూట వేడినీళ్ళు కారిపోలేదు. రాజాలా పనిచేసింది."

"అదృష్టవంతుడివి. అక్టోబరులో నేను ఓడనుంచి ఎప్పుడు ఫోను చేసినా, ఆ వాల్వు వేడినీళ్ళన్నీ వదిలేస్తోందని ఇక్కడ కిర్‌స్టెన్ ఒకటే గోల."

పాత గీజరు కిర్రుమంటూ పైకి వచ్చింది. థోర్వాల్ చెయ్యి లోపలికి పోనిచ్చి వాల్వును తడిమాడు. దానికి బిగించి ఉన్నదేదో ఊడదీసి చూశాడు. మొహంలో రక్తం ఇంకిపోయింది. పిడికిలి మూసి మెల్లగా జేబు వైపు తీసుకెళ్ళాడు.

"చేతిలో ఏముంది?" హోల్గర్ లేచి నిలబడ్డాడు.

"ఏమీ లేదు. వదిలెయ్."

హోల్గర్ వదల్లేదు. పిడికిలి విప్పదీశాడు. బట్టల క్లిప్పు! అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎర్ర రంగుతో 14.

"దొరికావు!" అని అరిచాడు. "నీ నంబరే! నా భార్య మంచం కింద నీ క్లిప్పు! చూశావా సిగ్నె? అన్నీ తెలిసినట్టు పరుపు ఎత్తినప్పుడే అనుకున్నాను!"

సిగ్నె క్లిప్పు వైపు చూసింది. "ఇది ఎందుకు పెడతారు థోర్వాల్?"

"ఇప్పుడొద్దు సిగ్నె."

"చెప్పు."

"చలికి వాల్వు తెరుచుకోకుండా బిగించి పెడతారు. వేడినీళ్ళు పోకుండా." ఆయన పనిముట్ల సంచి వైపు చూస్తూ చెప్పాడు. "మళ్ళీ తియ్యడం మరిచిపోతే, చలికాలంలో నీళ్ళు గడ్డకట్టి గీజరు పగులుతుంది."

"అయితే నేను తాళం వెయ్యకముందే పెట్టావన్నమాట!" హోల్గర్ క్లిప్పును గాలిలో ఆడించాడు. ఇన్నాళ్ళ అనుమానం రుజువైందన్న సంబరంలో అతనికి ముందూ వెనకా కనబడలేదు. "చలి మొదలైంది అక్టోబరులో. అక్టోబరులోనే నా బండిలో దూరావు! ఈ పాడుపని చేసినవాళ్ళు ఎవరైనా సరే, ఈ పూటే పెట్టె సర్దుకుని క్యాంపు వదిలి పోవాలి. ఏమంటావు సిగ్నె?"

"అలాగే," అంది సిగ్నె.

కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. పై అరలోంచి హోల్గర్ పెట్టె దింపి, అతని కాళ్ళ దగ్గర ఉంచింది.

"అక్టోబరులో ఇక్కడ నేనూ లేను, థోర్వాల్ కూడా లేడు."