పుంజు కోసం పొంచినవాళ్లు

ఎవరి సొత్తూ కాని ఆ అడవిలో అడవికోళ్లకన్నా వేటగాళ్లే ఎక్కువైపోయారు. తెల్లారేసరికి పొదకో నక్క చేరి, పెట్టలా కూస్తూ పుంజును పిలిచేది.

"ఈ పొద మాది. పోయి ఎలకల్ని పట్టుకోవే అవ్వా!" అంటూ ఓ బలిసిన నక్క ముసలి అడవిపిల్లిని తరిమేసింది.

మూడు రోజులుగా పస్తున్న పిల్లి ఆ మాట మనసులో పెట్టుకుని గుట్టెక్కి కూర్చుంది. కింద పొదల్లో నిజం పెట్టే కూసిందనుకుని దూకి, నక్కలు నక్కల్నే కరుచుకున్నాయి. ఆ గోలకు బెదిరిన పుంజు ఎగిరొచ్చి పిల్లి ముందే వాలింది. తొలి ఎండకు దాని మెడ నిప్పులా వెలిగింది. ఇన్నేళ్లూ పుంజుల్ని పట్టి తినడమే గానీ, పిల్లి ఒక్కదాన్నీ ఎన్నడూ తేరిపార చూడనేలేదు. పంజా లేవలేదు.

ఆ బలిసిన నక్క కుంటుకుంటూ వచ్చింది. "ఏమే అవ్వా, ఇంకా పట్టలేదా?"

పిల్లి పక్కకు జరిగి చోటిచ్చింది. "నోర్మూసుకుని ఇలా కూర్చోరా. నువ్వూ చూడు."