ఐసు కొట్టు పక్క చోటు

"అది నేనే, మే. నీకు కండ్లు కనపడలేదా?" అంది కాళియమ్మ, గోడ మీది బొమ్మకేసి వేలు చూపిస్తూ.

కాదు, అది తానేనని పుష్పవల్లి పట్టుబట్టింది. ఇద్దరూ కాసిమేడు రేవులో చేపలు అమ్మేవాళ్లు. బజారులో ఐసు కొట్టు పక్క చోటు ఎవరిదన్న తగువు ముదిరి, ఇద్దరి బేరాలూ ఆగిపోయాయి. మైలాపూరులో బొమ్మల ప్రదర్శనలో ఎవరో చేపల బజారు బొమ్మ పెట్టారని, అందులో ఐసు కొట్టు పక్కనే ఒకామె కూర్చుని ఉందని కబురొచ్చింది. బజారు పెద్ద గోవిందసామి ఇద్దరినీ అక్కడికి వెంటబెట్టుకొచ్చాడు. బొమ్మలో ఎవరుంటే చోటు వాళ్లదేనన్నాడు.

చెక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీదికి అచ్చు తీసిన బొమ్మ అది. ఉన్నది నలుపూ తెలుపే. అయినా తడి నేల మెరుస్తోంది. తట్టలు మోసేవాళ్ల మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. బేరమాడే చేతులు, ముసిరిన కాకులు. కాళియమ్మకు పచ్చి చేపల వాసన కూడా తగిలినట్టయింది.

బొమ్మ చెక్కిన ఫణీంద్ర దగ్గరికొచ్చి ఏదో చెప్పబోయాడు. గోవిందసామి కాసేపు ఆగమని సైగ చేశాడు.

కొట్టు పక్కనామె తల వంచి చేప కోస్తోంది. మొహం కనపడదు. కాళియమ్మ ఇంకాస్త దగ్గరికెళ్లింది. బిగుసుకున్న భుజం, చెమటకు వీపుకంటుకున్న రవిక. ఆమె నీడలో, గోనెపట్టా మీద, నిద్రపోతున్న పసిబిడ్డ. బిడ్డకు ఎండ తగలకుండా ఆమె అటే ఒరిగి కోస్తోంది.

పుష్పవల్లి కూడా రోజూ చంటిబిడ్డతోనే బజారుకొస్తుంది. కాళియమ్మ ఏనాడూ అటు తేరిపార చూడలేదు.

"అది నువ్వేలే మే," అంది మెల్లిగా. "ఆ చోటు నువ్వే పెట్టుకో."

పుష్పవల్లి కాళియమ్మ చెయ్యి పట్టుకుని, "ఇద్దరం సర్దుకుని కూర్చుందాం అక్కా," అంది.

గోవిందసామి ఊపిరి పీల్చుకున్నాడు. తమ బజారును ఇంత చక్కగా ఎప్పుడొచ్చి చూశావు నాయనా అని ఫణీంద్రను అడిగాడు.

ఫణీంద్ర మొహమాటంగా నవ్వాడు.

"ఇది మా విశాఖపట్నం రేవండి. ఆవిడ మా అమ్మ. మీ కాసిమేడు నేనింకా చూడనే లేదు."