తర్వాత ఎవరు?

మాయరోగానికి టీకాలు చాలక, ఆ ఏడు దేశమంతా ఒకటే రూలు. టీకా వేయించుకున్న మనిషే, తర్వాత ఎవరికి వేయాలో ఒక్క పేరు చెప్పాలి. రేపు వరహాలమ్మ వంతనగానే వీధంతా రొయ్యల ఇగురుతో, గారెలతో ఆమె గుమ్మంలో వాలింది. పక్కింటి సింహాచలమ్మ ఒక్కతే రాలేదు. కుళాయి దగ్గర మొదలైన వాళ్ల తగువుకి ముప్పై ఏళ్లు.

మర్నాడు సూది దిగగానే టీకాలు వేసే యంత్రం, "తర్వాత ఎవరమ్మా?" అంది.

"పక్కింటి సింహాచలమ్మ."

ఇగురు తెచ్చిన చిట్టెమ్మ లబలబలాడింది. "అదేంటి పిన్నీ! దాని మొహమే చూడనన్నావు కదా!"

"ఇప్పటికీ చూడను. నా ఈడువాళ్లందరూ పోయారే. అదీ పోతే, పొద్దున్నే లేచి ఎవర్ని తిట్టను?"

సాయంత్రం గోడ అవతల నుంచి సింహాచలమ్మ అరిచింది. "నా పేరు చెప్పమని నేనడిగానా?"

వరహాలమ్మ కళ్లు తుడుచుకుని, కొంగు బిగించి, హాయిగా తిట్లు లంకించుకుంది.