పదిహేడో నంబర్ అక్క

"ఈ ఊరొచ్చి పెద్ద మ్యూజియం చూడలేదంటే నలుగురూ నవ్విపోతారోయ్," అన్నాడు భర్త.

"నవ్వనీండి. మనం వెళ్లేది టెలిఫోన్ మ్యూజియానికే," అంది లెక్కల టీచరు.

రెండు రోజుల షికారు అది. ఆమె చేతిలో ఎవరూ వెళ్లని మ్యూజియాల చీటీ, ఆయన చేతిలో పరదేశపు తిండి దొరికే చిన్న హోటళ్ల చీటీ. నిన్న తాళాల మ్యూజియం, తక్కెడల మ్యూజియం చూశారు. మధ్యలో ఆయన మూడు దేశాల రొట్టెలు తిన్నాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

నిజానికి తాళాలూ తక్కెడలూ ఉత్త వంకలు. ఆమె వచ్చింది ఈ టెలిఫోన్ మ్యూజియం కోసమే.

నలభై ఏళ్ల కిందటి మాట. అప్పుడామెకు తొమ్మిదేళ్లు. సాయంత్రం ఏడింటికి, జోరువానలో, నిండు చూలాలైన అమ్మ వంటింట్లో కాలుజారి పడింది. ఇంట్లో మరెవరూ లేరు. పిల్ల ఫోనెత్తితే, "నంబర్ పదిహేడు, చెప్పండి," అంది ఎక్స్ఛేంజి ఆపరేటరు సన్నని గొంతు.

"అక్కా, మా అమ్మ లేవట్లేదక్కా!"

అంబులెన్సు వచ్చేదాకా, నలభై నిమిషాలు, ఆ గొంతు ఆమెను వదల్లేదు. తలుపు గడియ తీయించింది, అమ్మ మీద దుప్పటి కప్పించింది, భయం తెలియకుండా ఎక్కాలు చెప్పించింది. పదమూడో ఎక్కం దగ్గర అంబులెన్సు వచ్చింది.

అమ్మకిప్పుడు డెబ్బై ఐదు. మంచం పట్టింది. "నేను పోయేలోగా ఆ అక్కను ఒక్కసారి చూపించవే," అంటోంది.

అప్పట్లో వాళ్ల ఊరి ఫోన్లు కలిపిన ఎక్స్ఛేంజే ఇప్పుడీ మ్యూజియం. తెరవడానికి ఇంకా అరగంట ఉంది.

"ఆత్మారాముడు గోల పెడుతున్నాడు," అంటూ భర్త ఆమెను ఎదురుగా ఉన్న నూడుల్స్ హోటల్లోకి లాక్కెళ్లాడు. ఉన్నవి నాలుగే టేబుళ్లు. ఒకదాని దగ్గర మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన ఒంటరిగా సూప్ తాగుతున్నాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు బొంగురు గొంతుతో, పక్క కుర్చీలోని సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంటూ. "మ్యూజియానికా? అక్కడికి ఎవరూ రారే!"

"మా ఆవిడకి అక్కడ పనిచేసిన ఆపరేటరు కావాలండి," అన్నాడు భర్త. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

ఇక ఆమెకు చెప్పక తప్పలేదు. "చిన్నప్పుడు మా అమ్మ పడిపోతే ఒక అక్క ఫోన్లో సాయం చేసిందండి. పదిహేడో నంబర్. ఆమె పేరు కావాలి, అంతే."

పెద్దాయన చెంచా కింద పెట్టాడు.

"అక్కే కావాలామ్మా?"

"అక్కే కావాలి. కనుక్కోకుండా కదలను."

"గొంతు గుర్తుందా?"

"భలేవారే! వెయ్యి గొంతుల్లో ఉన్నా పట్టేస్తాను."

ఆయన నవ్వి మఫ్లర్ సర్దుకున్నాడు.

"అమ్మగారు బాగున్నారా?"

"ఆఁ, ఉన్నారు."

"పుట్టింది ఆడపిల్లా, మగపిల్లాడా?"

సరిగ్గా అప్పుడే ఎదురుగా మ్యూజియం తలుపు తెరుచుకుంది. ఆమె దిగ్గున లేచింది.

"మీకెందుకండీ అవన్నీ? సంబంధాలు చూస్తారా ఏమిటి?"

"ఊరికే అడిగానమ్మా," అన్నాడాయన మెల్లగా.

ఆమె అప్పటికే రోడ్డు దాటుతోంది. భర్త నోట్లో నూడుల్స్‌తోనే వెంటపడ్డాడు.

లోపల ఫోన్లు కలిపే గోడంత బోర్డు, దాని నిండా రంధ్రాలు, వేలాడే తీగలు. గుమస్తా పాత డ్యూటీ రిజిస్టరు తీశాడు. ఆమె జరిగిందంతా వివరించి తేదీ చెప్పింది. ఆయన వేలు పేజీ కిందికి జారి ఆగింది.

"పదిహేడో నంబర్ ఆడమనిషి కాదమ్మా. ఆరు దాటితే బోర్డు ముందు ఆడవాళ్లని ఉంచేవారే కాదు. రాత్రి డ్యూటీలన్నీ మగవాళ్లవే."

"అబద్ధం! నలభై నిమిషాలు అక్కా అక్కా అని పిలిచాను. ఒక్కసారీ కాదనలేదే?"

"ఏడుస్తున్న పసిదానితో నేను అక్కను కాదు, అన్నయ్యనని ఎవరు వాదిస్తారమ్మా?"

ఆమె అక్కడున్న స్టూలు మీద కూలబడింది. లేని అక్క కోసం నలభై ఏళ్లుగా వెతికినందుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఆయన ఉన్నారా?"

"నిక్షేపంలా ఉన్నాడు. రోజూ పొద్దున్నే వచ్చి ఈ బోర్డు తుడిచేవాడు. ఇవాళే తన తాళంచెవి నా చేతిలో పెట్టేశాడు. మధ్యాహ్నం బండికి మేనల్లుడి దగ్గరికి వెళ్లిపోతున్నాడు."

"ఫోన్ నంబర్ ఇవ్వండి."

"ఫోన్ లేదమ్మా. ఒక జన్మకు సరిపడా మాట్లాడాను, ఇక చాలంటాడు."

"ఏ ఊరు?"

"చెప్పలేదు."

"ఆ వానరోజు సంగతి మీతో ఎప్పుడైనా అన్నారా?"

"లైను మీద విన్నది నోరు దాటకూడదని వాళ్లకి ఒట్టు. ఆయన దగ్గర ఎవరింటి మాటా బయటికి రాదు."

ఆమె లేచి కొంగు దోపుకుంది.

"స్టేషన్ ఎటు?"

"మన బండి రేపు కదే!" అన్నాడు భర్త.

"మీరు మీ చీటీ పట్టుకుని తింటూ ఉండండి. ఆయన్ని పట్టుకోకుండా నేను ఈ ఊరు వదలను."

గబగబా మెట్లు దిగుతున్న లెక్కల టీచరు ఆఖరి మెట్టు మీద కొయ్యబారిపోయింది: సూప్ తాగిన ఆ పెద్దాయనకు అమ్మ పడిపోయిందని మాత్రమే చెప్పింది తను, కడుపుతో ఉందని చెప్పనే లేదు.