మామ సూపర్‌చార్జర్, అల్లుడి టర్బో

"నా మాట విను అల్లుడూ. బరువులు లాగే బండికి సూపర్‌చార్జరే పెట్టాలి," అన్నాడు మామ, కొండదారి మొదలయ్యే చోట.

"టర్బో," అన్నాడు అల్లుడు, మలుపు తిరిగాక. తొందరేం లేదు. ఈలోగా ఇద్దరు పెద్దవాళ్లు సైకిళ్ల మీద వాళ్లని దాటుకుపోయారు. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసి నవ్వారు కూడా.

స్టీరింగ్ అల్లుడిది, పక్క సీటు మామది, పికప్ ఇద్దరిదీ. తలుపుల మీద ఎర్రరంగుతో "ఏ బరువైనా, ఏ ఎత్తుకైనా లాగుతాం" అని రాయించుకున్నారు. రంగు ఆరిపోయి, వెలిసిపోవడం కూడా మొదలైంది. బేరం మాత్రం ఒక్కటీ రాలేదు.

ఇన్నాళ్లకి ఒక పడవల ఆసామి దొరికాడు. సరస్సు నుంచి కొండ మీది షెడ్డుకి అతని పడవల్ని లాగే పని. సీజనంతా ఉంటుంది. ముందు బండి చూస్తాను, తర్వాతే మాట అన్నాడు. కొండ మీది గ్యారేజీ దగ్గర కూర్చుని దారి చూస్తున్నాడు.

ఇంజన్‌కి దమ్ము పెంచే ఆ సామాను కొనిపెట్టేది మామ కూతురు, అంటే అల్లుడి పెళ్లాం. మొక్కల నర్సరీ ఆవిడది. షరతు ఒక్కటే. గ్యారేజీ చేరేలోగా ఇద్దరూ కలిసి ఒకే పేరు చెప్పాలి. చెప్పలేకపోతే పికప్ తొట్టిలో మట్టి నింపి గులాబీలు పెంచుతుంది. అన్నంత పనీ చేసే మనిషి.

మామ రోడ్డు రోలరు నడిపి రిటైరైనవాడు. కాబట్టి వేగం గురించి ఆయనకి తెలియనిది లేదు. ఒకసారి ఆయన రోలరు పల్లంలో బ్రేకు జారి రైలుని దాటేసిందట. రైలొచ్చేదాకా స్టేషన్లో ఆగి, పలకరించి మరీ వెళ్లిందట. అల్లుడు గడియారాలు బాగుచేస్తాడు. ఇంజన్ల మీద ఫోనులో ఉన్న వీడియోలన్నీ చూసేశాడు. ఆ హడావుడిలో పాపం బానెట్ ఎత్తి చూసే తీరిక చిక్కలేదు.

రెండూ ఇంజన్లోకి అదనంగా గాలి కొట్టేవే కదా, దీనికి ఇంత గొడవెందుకు అని మనకి అనిపిస్తుంది. మనకేం తెలుసు.

సూపర్‌చార్జర్‌ని ఇంజనే బెల్టుతో తిప్పుతుంది కాబట్టి తొక్కీ తొక్కగానే బలం వస్తుందని మామ వాదన. టర్బో అయితే పొగ రావాలి, ఆ పొగకి చక్రం తిరగాలి, అప్పుడుగానీ గాలి రాదు. ఆ ముహూర్తం కుదిరేసరికి వెనకున్న పడవ మళ్లీ సరస్సులోకి దిగి షికారు కొడుతుంటుందన్నాడు.

అల్లుడు తగ్గలేదు. టర్బో ఊరికే పోయే పొగతో బతుకుతుంది, ఎవరి సొమ్మూ తినదన్నాడు. పొడుగాటి ఎత్తుల్లో దానంత నమ్మకంగా లాగేది లేదన్నాడు.

"మీ సూపర్‌చార్జర్ అలా కాదు మామయ్యా. ఇంజన్ మెడకి వేలాడుతూ, అది సంపాదించిన దాంట్లో సగం అదే మింగుతుంది. పైగా ఒకటే రొద."

ఎవర్ని అన్నాడో చెప్పలేదు. మామ అడగనూ లేదు.

"నీ టర్బో కూడా నీలాంటిదే," అన్నాడు మామ తాపీగా. "పిలిస్తే వెంటనే పలకదు. పలికాక ఆపలేం."

ఇద్దరికీ గొంతు పెంచాల్సిన పనే పడలేదు. బండిలో అంత ప్రశాంతంగా ఉంది. స్టీరింగ్ మాత్రం బండరాయిలా బిగుసుకుపోయిందని అల్లుడు విసుక్కున్నాడు. చెమటలు తుడుచుకోడానికి ఒక చెయ్యి తీశాడో లేదో, ఫోను మోగింది. మామ ఎత్తాడు.

"ఏమైనా తేలిందా నాన్నా?" అంది కూతురు.

తేలిపోతోందన్నాడు మామ.

"పెద్ద మలుపు వస్తోంది. ఆయన్ని రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచమను. ముందు చూసుకోమను, నీ మొహం కాదు."

ఆవిడకి ఆ దారి కొట్టినపిండి. అల్లుడు కిక్కురుమనకుండా రెండో చెయ్యి కూడా పెట్టేశాడు.

మలుపు దాటగానే గ్యారేజీ రేకులు కనబడ్డాయి. మామ గొంతు మెత్తబడింది. గులాబీ ముళ్లు గుర్తొచ్చాయేమో. ఆలోచిస్తే టర్బోలో కూడా న్యాయం ఉందన్నాడు. సరిగ్గా అదే సమయానికి, పెద్దవారి అనుభవం ఊరికే పోదు, సూపర్‌చార్జరే పెట్టిద్దామన్నాడు అల్లుడు. దాంతో మళ్లీ మొదలైంది. అదేం కుదరదు టర్బోనే అని మామ, మీ మాట తీసెయ్యలేను అని అల్లుడు. దీనికంటే ఇందాకటి తగువే నయం.

గ్యారేజీ గేటు దగ్గర మామ చివరిమాట చెప్పేశాడు. "టర్బోనే. కానీ తలుపు మీద నా పేరు ముందు రాయించాలి."

"మీ పేరు పెద్దక్షరాల్లో రాయిద్దాం మామయ్యా," అన్నాడు అల్లుడు.

బండి ఆగింది. ఇద్దరూ చెరో తలుపూ తీసుకుని, ఆ ఎర్రక్షరాలు బాగా కనబడేలా బార్లా తెరిచి దిగారు. పడవల ఆసామి లేచి ఎదురొచ్చాడు. టర్బో పెట్టాక ఈ బండి ముందు కొండలెంత, పడవలెంత అని మామ అందుకున్నాడు. అల్లుడు ఛాతీ విరుచుకుని చెయ్యి చాపాడు.

పడవల ఆసామి ఆ చేతిని దాటుకుని ముందుకి నడిచి, పూలకుండీల వ్యానుకీ వెనకున్న పికప్‌కీ మధ్య కట్టిన తాడు విప్పుకుంటున్న కూతురిని, "సోమవారం నుంచి పడవలు లాగడానికి నీ వ్యాను ఖాళీయేనా అమ్మా?" అని అడిగాడు.