బండారి మరక

“గీ తెల్ల ప్యాంటుకు పసుపెట్ల అంటింది?” మోకాలి దగ్గరి మరకను చూపిస్తూ అడిగాడు క్రాంతి.

“నన్నెందుకు అడుగుతవు? ఆరేసినప్పుడు మల్లెపువ్వు లెక్క ఉండె. మీ అవ్వనడుగు,” అంది భార్య రోజారాణి.

తల్లి లింగవ్వ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. “మరక గాదురా. మల్లన్న బండారి. మొన్న కొమురవెల్లి నుంచి తెచ్చిన.”

“గిట్ల గ్రౌండుకు పోతే నగుతరే.”

“నగేటోళ్లు ఎట్లయినా నగుతరు.”

“సబ్బుకు గూడ పోతలేదత్తమ్మా. నుదుటికి పెడితే సాలదా?”

“నుదుటిది చెమటకు పోతది.”

అంతటితో తగువు ఆగింది. చాయ్ తాగేలోపు బ్యాట్ పిడి కూడా పచ్చబడింది.

కొమురవెల్లి నుంచి వచ్చినప్పటి నుంచి లింగవ్వ కాళ్లకు చెప్పులు లేవు. మొక్కు తీరేదాకా వేసుకోనంది. ఏం మొక్కావని ఎవరూ అడగలేదు. తీరకముందు మొక్కు బయటపెట్టకూడదు. అయినా అడగాల్సిన పనేముంది? సిద్దిపేటలో వాళ్ల గల్లీ మొత్తానికి తెలిసిన సంగతే.

నిరుడు రంజీ మ్యాచ్‌లో ఎగిరొచ్చిన బంతి క్రాంతికి హెల్మెట్ అంచు కింద, చెవి వెనక తగిలింది. హైదరాబాద్ దవాఖానాలో అతను కళ్లు తెరిచేదాకా లింగవ్వ మెట్ల మీదే కూర్చుంది. గాయం మానింది గానీ, ఆ తర్వాత బంతి ఛాతీ ఎత్తుకు లేస్తే చాలు, క్రాంతి మొహం పక్కకు తిరిగిపోయేది. పరుగులు రాలేదు. జట్టులో చోటు పోయింది. కోచ్ ఫోన్ ఎత్తడం మానేశాడు. పాత బస్టాండ్ దగ్గరి చాయ్ దుకాణంలో ఎవరో, “మన ఓపెనర్ ముందట గ్లాసు మెల్లగ పెట్టున్రి, ఉలిక్కిపడతడు” అన్నారు. ఆ రోజు నుంచి క్రాంతి అటు వెళ్లలేదు.

ఈసారీ రంజీ జట్టు జాబితాలో పేరు రాకపోతే ఆటకు స్వస్తి. ములుగులో మామగారి నర్సరీ చూసుకోవడమే.

“తాడిచెట్టు మీదికెల్లి నేను పడలేదారా? మళ్ల ఎక్కలేదా?” అనేవాడు ఒకప్పుడు కల్లు గీసిన తండ్రి రాజమల్లయ్య. “నువ్వు ఒక్క బాలుకే గిట్లయితే ఎట్ల?”

మళ్లీ ఎక్కాక రెండోసారి పడ్డ సంగతి మాత్రం చెప్పేవాడు కాదు. ఆ కాలు ఈడ్చుకుంటూనే కొడుకు కిట్ సంచిని ఆటో దాకా మోసేవాడు. రెండోసారి పడ్డ రోజు పొద్దున, చెట్టెక్కడానికి ఆయనకు మోకుతాడు అందించింది లింగవ్వే.

క్రాంతి రోజూ గ్రౌండుకు వెళ్లాడు. స్నేహితుడు శైలేందర్ తడిపిన టెన్నిస్ బంతుల్ని దగ్గర నుంచి మొహం మీదికి విసిరేవాడు. ఒక సాయంత్రం క్రాంతి నవ్వుతూ వచ్చాడు. చాలా రోజులకు నవ్వాడు.

“అవ్వా, ఇగ తల తిప్పుతలే. మీదికొచ్చినా కండ్లు తెరిచి చూస్తనే ఉంటున్న.”

జొన్నరొట్టె తడుతున్న లింగవ్వ చేతులు ఆగాయి. “తగిలితే?”

“తగిలితే తగలనియ్యి.”

పెనం మీది రొట్టె మాడిపోయింది. ఆ వాసనకు రోజారాణి వచ్చి పెనం దించింది.

“మీ బాపు నర్సరీల పనెట్లుంటది బిడ్డా?” అని అడిగింది లింగవ్వ. “నీడపట్టునే గదా?”

రోజారాణికి కోపమొచ్చింది. “గిసొంటి మాటలు ఆయన ముందట అనకు అత్తమ్మా. మొక్కినదానివి నువ్వే ధైర్యం ఇడిస్తే ఎట్ల?”

లింగవ్వ మళ్లీ ఆ ఊసెత్తలేదు. కొంగుకు కట్టిన బండారి మూటను వేళ్లతో తడుముకుంది.

సెలక్షన్ మ్యాచ్ రోజున రాజమల్లయ్య ఫోన్ చెవికి పెట్టుకుని వాకిట్లోనే ఉన్నాడు. శైలేందర్ గ్రౌండు నుంచి చెబుతున్నాడు. యాభై దాటింది. ఎగిరొచ్చే బంతుల్ని కూడా క్రాంతి వదలడం లేదు. వంద పూర్తయిందని వినగానే లింగవ్వ లేచి పెరట్లోకి వెళ్లింది. తోమిన గిన్నెనే మళ్లీ తోముతూ ఏడ్చింది. కిటికీలోంచి చూసిన రోజారాణి కళ్లు కూడా తడిశాయి. సంతోషం అట్లాగే ఉంటుందనుకుంది.

జాబితా వచ్చింది. రెండో పేరు క్రాంతిది. కోచ్ తనే ఫోన్ చేశాడు. చాయ్ దుకాణం వాళ్లు పటాకులు కాల్చారు.

ఆ సాయంత్రం అందరూ కలిసి అన్నానికి కూర్చున్నారు. క్రాంతి బజారు నుంచి తెచ్చిన డబ్బా తెరిచి, కొత్త చెప్పుల్ని తల్లి ముందు పెట్టాడు.

“ఇగ ఏస్కో అవ్వా.”

“గిప్పుడే గాదు, ఆదివారం ఏస్కుంటది,” అన్నాడు రాజమల్లయ్య. “అందరం కొమురవెల్లి పోతున్నం. పట్నం ముగ్గు ఏపిచ్చి, బోనం పెట్టి మీ అవ్వ మొక్కు తీరుద్దాం. ఏమంటవే?”

లింగవ్వ కొడుకు చెవి వెనకున్న కుట్ల మచ్చను చూసింది. తర్వాత చెప్పుల్ని డబ్బాలో పెట్టి మూత వేసింది.

“ఎవ్వలం పోయేది లేదు, నా కొడుకును మళ్ల ఆటకు పిలవొద్దనే నేను మల్లన్నకు మొక్కుకున్న.”