డెన్నిస్ జోస్యం

"మీ కాళ్లు మొక్కుత సారూ, వెరెస్కో గెలుస్తడని మాత్రం రాయకున్రి!"

డెన్నిస్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. ఎదురుగా ఓ నడివయసు ఆడమనిషి, చంకలో దవాఖాన ఫైలు. గన్‌ఫౌండ్రీ సందులోని ఆ పత్రికాఫీసుకు లిఫ్టు లేదు. మూడంతస్తులు ఎక్కి వచ్చిన రొప్పు ఆమెకింకా తగ్గలేదు.

మెల్‌బోర్న్ టెన్నిస్‌లో మిగిలిన నలుగురి గురించి రేపటి ఆటల పేజీకి రాస్తున్నాడు డెన్నిస్. రేపు మధ్యాహ్నం సెమీఫైనల్లో ముప్పై తొమ్మిదేళ్ల వెరెస్కో, ఇరవై ఒక్కేళ్ల హోల్మ్‌ని ఓడిస్తాడనీ, ఆదివారం కప్పు కూడా వెరెస్కోదేననీ అప్పటికే రాసేశాడు.

"ఎవరమ్మా నువ్వు? వెరెస్కోతోని నీకేం పని?"

"నా పేరు స్వర్ణ. మా ఆయన ఇంద్రసేన గీ నాంపల్లి దవాఖానలనే ఉన్నడు. శనివారం పొద్దుగాల గుండె ఆపరేషన్. కాయితం మీద సంతకం పెట్టుమంటే పెడ్తలేడు. రేపు వెరెస్కో గెలిస్తెనే పెడ్తడట. ఆ వయసుల వాడు గెలిస్తే తనకు గూడ ఏం గాదట. వాడు ఓడిపోతే, నన్ను ఇంటికి తీస్కపో అంటుండు."

"ఇదేం పంతం?"

"పంతమేం గాదు సారూ, భయం. బయటికి చెప్పుకుంటలేడు. డాక్టరేమో ఆపరేషన్ లేకుంటే నెల గూడ కష్టమన్నడు."

"అయితే వెరెస్కో గెలుస్తడనే రాసిన గదమ్మా. అది చదివితే ధైర్యమొస్తది."

స్వర్ణ తల దించుకుంది. "ఏమనుకోకున్రి. ఆయన ఇరవై ఆరేండ్ల సంది మీ పేజీ చదువుతుండు. చదవంది చాయ్ ముట్టడు. మీరు గెలుస్తడన్నోడు ఒక్కసారన్న గెలువలేదట సారూ."

పక్క టేబుల్ దగ్గర రజని నవ్వు ఆపుకోవడానికి దగ్గింది. ఆమె మాత్రం ఏం చేస్తుంది, ఉన్నమాటే కదా! మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం తినేవాళ్లు సైతం డెన్నిస్ ఎవరి పేరు రాశాడో చూసి, రెండోవాడికి ముందే చప్పట్లు కొట్టేస్తారు. ఈ సంగతి డెన్నిస్‌కీ తెలుసు. తెలిసి నవ్వేస్తాడు. కానీ ఇవాళ నవ్వు రాలేదు.

"నమ్మింది తప్ప ఇంకోటి రాయనమ్మా నేను. అబద్ధమెట్ల రాయాలె?"

"ఒక్కసారి రాయిన్రి. పాపమంటారా, నాకు తగలనీయిన్రి."

ఆమె వెళ్లిపోయాక డెన్నిస్ తను రాసింది మళ్లీ చదువుకున్నాడు. వెరెస్కో అంటే ఆయనకు ప్రాణం. వాడు ఆడుతుంటే ఇంట్లో భార్య యూనీస్ పిలిచినా వినపడదు. అలాంటివాడి ఓటమిని తన చేత్తో రాయాలి. ఏం చేస్తాడు, రాసిందంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు. వెరెస్కో మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయని రాశాడు. క్వార్టర్స్‌లో అయిదు సెట్లు ఆడి కుంటుతూ వెళ్లాడని రాశాడు. హోల్మ్ సర్వీసు ముందు మూడు సెట్లకే చేతులెత్తేస్తాడని కూడా రాశాడు. ఇన్నేళ్లూ ప్రేమ కొద్దీ రాసిన మనిషి మొట్టమొదటిసారి లెక్క చూసి రాశాడు. రాస్తున్నంతసేపూ కన్నబిడ్డను తిట్టిపోస్తున్నట్టే ఉంది ఆయనకి.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు టీవీ ముందు కూర్చుని చేతులు జోడించాడు. "ప్రభువా, ఎప్పటిలాగే ఈసారి కూడా నా మాట తప్పు చెయ్యి."

ప్రభువు వినలేదు. వెరెస్కో మొదటి సెట్‌లోనే మోకాలు పట్టుకున్నాడు. రెండోదీ పోయింది. మూడోది పోయాక నెట్ దగ్గరకు కుంటుతూ వచ్చి కుర్రాడి తల నిమిరి వెళ్లిపోయాడు. డెన్నిస్ రాసినట్టే, పొల్లుపోకుండా, మూడు సెట్లు.

"సార్! కరెక్టుగా చెప్పిన్రు! పార్టీ కావాలె!" అంటూ ఆఫీసంతా చుట్టుముట్టింది. ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. డెన్నిస్ మాత్రం ముఖం కడుక్కునే వంకతో బయటికెళ్లి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూశాడు. తీరా అది వచ్చేసరికి ఓ మనిషి ప్రాణం మీదికి తెచ్చినట్టనిపించింది.

శనివారం తెల్లవారగానే నాంపల్లి దవాఖానకు పరుగెత్తాడు. ఇంద్రసేన కాళ్లు పట్టుకునైనా సరే సంతకం పెట్టించాలనుకున్నాడు. తీరా చూస్తే మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కూడా మడతపెట్టేశారు. ఇంటికి తీసుకుపోయారన్నమాట!

"సారూ!"

వరండా చివర బల్ల మీద స్వర్ణ కూర్చుని ఉంది. ఆయన గబగబా దగ్గరికెళ్లాడు.

"ఇంద్రసేన ఏడమ్మా?"

"ఆపరేషన్ థియేటర్ల. ఇంతకుముందే తీస్కపోయిన్రు."

"సంతకం పెట్టిండా?"

"నిన్న మ్యాచ్ అయిపోంగనే పెన్ను ఇయ్యమన్నడు."

"వెరెస్కో ఓడిపోయిండు గదమ్మా!"

"ఔ సారూ. నేను గూడ గదే అడిగిన." స్వర్ణ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "'డెన్నిస్ సార్ చెప్పిందే నిజమైనంక, నా గుండె బాగుగాకుంట ఉంటదానే పిచ్చిదానా' అన్నడు."